పిన్‌బాల్ ఇద్దరూ కలిసి ఆడాలంటే: ఎడమ ఫ్లిప్పర్ ఒకరిది, కుడి ఫ్లిప్పర్ ఒకరిది

మీ ప్రశ్న చదవగానే మా మొదటి ఏడాది గుర్తొచ్చింది. మీరూ మీ తమ్ముడూ ఒకే పిన్‌బాల్ మెషిన్ ముందు నిలబడి, ఎడమ బటన్ మీరు, కుడి బటన్ అతను నొక్కుతూ ఆడుతున్నారు. (ఈ ఆట తెలియనివాళ్ల కోసం: గాజు కింద వాలుగా ఉన్న బోర్డు మీద ఉక్కు బంతి కింది ఖాళీలోంచి పడిపోకుండా ఆడేది పిన్‌బాల్; బటన్ నొక్కితే లేచి బంతిని పైకి కొట్టే రెండు చిన్న చేతులు ఫ్లిప్పర్లు.) విడివిడిగా ఆడితే ఇద్దరికీ మంచి స్కోర్లే వస్తున్నాయి. కలిస్తే మాత్రం బంతి అర నిమిషం నిలవడం లేదు. "నువ్వెందుకు కొట్టావ్" అని ఒకరంటే "నువ్వెందుకు కొట్టలేదు" అని ఇంకొకరు అనుకునే దాకా వస్తోంది. నడిమధ్య పడే బంతి ఎవరిది, మెషిన్‌ను ఎవరు కదపాలి, వైపులు మార్చుకోవాలా అని మూడు అడిగారు. మూడింటికీ జవాబు చెప్తాను. కానీ వాటికంటే ముందు మీరు అడగనిది ఒకటుంది. అది కుదిరితే ఈ మూడింటిలో సగం చిక్కు వదిలిపోతుంది.

ఈ పద్ధతిని స్ప్లిట్ ఫ్లిప్పర్ అంటారు. టోర్నమెంట్లలో అసలు పోటీతో పాటు జంటల కోసం దీన్ని విడిగా పెడుతుంటారు. నేనూ మా చెల్లెలూ 12 ఏళ్లుగా ఇలా ఆడుతున్నాం. ఒక్కడినే ఆడటం కంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఒక్కరే ఆడుతున్నప్పుడు రెండు చేతులకీ ఒకటే బుర్ర. కుడి చెయ్యి కొట్టబోతుంటే ఎడమ చెయ్యి ఆగుతుంది, ఆగిన సంగతి కూడా మనకి తెలియదు. ఇద్దరు ఆడేటప్పుడు ఆ ఆగడం పోతుంది. బంతి కిందికి వస్తుంటే ఇద్దరికీ అది తమదే అనిపిస్తుంది, ఇద్దరూ నొక్కేస్తారు. రెండు ఫ్లిప్పర్లూ ఒకేసారి లేచాయంటే, బంతిని అందుకోవడానికి నిలకడగా ఉన్న ఫ్లిప్పర్ ఒక్కటీ మిగలదు. ఒకరు కొట్టిన బంతి రెండోవారి లేస్తున్న ఫ్లిప్పర్‌కి తగిలి ఎటో పోతుంది, లేదా లేచిన ఫ్లిప్పర్ కింద నుంచి జారిపోతుంది. మీ బంతులు పోతున్నది కొట్టలేక కాదు, ఇద్దరూ కొడుతున్నారు గనక. కాబట్టి ముందు నేర్చుకోవలసింది నొక్కకుండా ఉండటం.

ఆగి ఉన్న ఫ్లిప్పర్‌ని ఒకసారి గమనించండి. అది మధ్యకి వాలి ఉంటుంది, చుట్టూ రబ్బరు ఉంటుంది. బంతి దాదాపు 80 గ్రాముల ఉక్కు గుండు, 27 మిల్లీమీటర్ల వ్యాసం. అది పై నుంచి వేగంగా వచ్చి ఆ రబ్బరు మీద పడితే, మీరు వేలు కూడా కదపకపోయినా, మధ్యలో ఉన్న ఖాళీ మీదుగా ఎగిరి అవతలి ఫ్లిప్పర్ మీదికి వెళ్తుంది. దీన్ని డెడ్ బౌన్స్ అంటారు. ఒంటరి ఆటగాళ్లకి ఇది పది విద్యల్లో ఒకటి. జంటగా ఆడేవాళ్లకి ఆట మొత్తం దీని మీదే నిలబడుతుంది, ఎందుకంటే బంతిని పక్కవాళ్లకి అందించడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. మీరు నొక్కకపోతే బంతి అటు ఎగురుతుంది. అటువైపు వాళ్లు అది చేరకముందే తమ ఫ్లిప్పర్ ఎత్తి పట్టుకుంటే, ఆ ఫ్లిప్పర్‌కీ ఇన్‌లేన్ (బంతిని ఫ్లిప్పర్ మీదికి తెచ్చే పక్క సందు) గోడకీ మధ్య మూలలో వచ్చి కూర్చుంటుంది. బటన్ వదలనంతసేపూ అక్కడే ఉంటుంది.

అన్ని బంతులకీ ఇది పనికిరాదు. నెమ్మదిగా వచ్చే బంతికి ఎగిరే బలం ఉండదు, వదిలేస్తే ఫ్లిప్పర్ మీదుగా దొర్లి మధ్యలో పడిపోతుంది. ఇన్‌లేన్‌లోంచి దొర్లుతూ వచ్చే బంతి కూడా అంతే, అది ఎవరి వైపు వస్తే వాళ్లే కొట్టాలి లేదా ఆపాలి. ఫ్లిప్పర్ కొసకి తగిలేలా ఉన్న బంతిని నమ్మి వదలకండి. వేగంగా వచ్చి ఫ్లిప్పర్ నడుమ మీద పడే బంతి ఒక్కటే వదలాల్సింది. ఈ తేడా కంటికి అలవాటు కావడానికి మాకు ఒక వారం పట్టింది. ఆ వారమంతా స్కోరు వైపు చూడలేదు. నియమం ఒకటే పెట్టుకున్నాం: వేగంగా వచ్చిన బంతి ముందు ఎవరి ఫ్లిప్పర్ మీద పడితే వాళ్లు కొట్టకూడదు, రెండోవాళ్లు పట్టాలి. చాలా బంతులు పోయాయి. నాలుగో రోజు మా చెల్లెలు వదిలిన బంతి నా ఫ్లిప్పర్ మీదికి వచ్చి చప్పుడు లేకుండా ఆగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తూ నిలబడ్డాం. అప్పటి దాకా మేం ఇద్దరం రెండు ఆటలు ఆడుతున్నామని ఆ రోజు తెలిసింది.

ఇక మాట. మీరు "నాది", "నీది" అని అరుచుకుంటున్నామని రాశారు. అది ఈ రోజే మానెయ్యండి. మెషిన్ మోతలో ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి, మొదటి అక్షరం మోతలో కలిసిపోతే మిగిలేది "ది" ఒక్కటే. మేం వాడేవి రెండే మాటలు. బంతిని వదులుతున్నవాళ్లు "తీసుకో" అంటారు. బంతి చేతికి చిక్కినవాళ్లు "ఉంది" అంటారు. పొడవులోనూ ధ్వనిలోనూ రెంటికీ పోలిక లేదు. మాట్లాడే హక్కు కూడా బంతి ఎవరి వైపు పడుతోందో వాళ్లదే. అవతలివాళ్లు "వదిలెయ్, వదిలెయ్" అని చెప్పకూడదు. చెప్పడం మొదలుపెడితే నిర్ణయం ఎవరిదో తెలియక వేలు తడబడుతుంది. ఏ మాటా వినపడకపోతే కొట్టబోతున్నారని అర్థం, రెండోవాళ్లు తమ ఫ్లిప్పర్‌ని కిందే ఉంచాలి.

"ఉంది" అన్న తర్వాతే అసలు కబుర్లు. బంతి ఆగి ఉన్నప్పుడు తొందర లేదు. ఇప్పుడు ఏ ర్యాంప్ (బంతి ఎక్కిపోయే వాలు దారి) ముందు లైటు వెలుగుతోంది, అంటే దేన్ని కొట్టాలి, దాన్ని ఎవరు కొట్టగలరు అన్నది నిదానంగా చూసుకోవచ్చు. ఇక్కడ చాలా జంటలు పట్టించుకోని సంగతి ఒకటుంది. ఎడమ ఫ్లిప్పర్ ముఖ్యంగా బోర్డు కుడి సగాన్ని కొడుతుంది, కుడి ఫ్లిప్పర్ ఎడమ సగాన్ని. అంటే మీ తమ్ముడి ముందున్న ర్యాంప్ మీది, మీ ముందున్నది అతనిది. ఎడమ ఫ్లిప్పర్ మీద దొర్లుతున్న బంతిని ముందుగా, అంటే ఫ్లిప్పర్ మొదలుకి దగ్గరగా ఉండగానే కొడితే అది ఎడమకి పోతుంది. ఆలస్యంగా, కొస దగ్గర కొడితే కుడికి పోతుంది. కుడి ఫ్లిప్పర్‌కి ఇదే అద్దంలో చూసినట్టు. ఆట మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు గాజు మీదుగా చూస్తూ ఏ దారి ఎవరి పాలిటిదో అనుకోండి.

పక్కవాళ్లు ఖాళీగా నిలబడి ఉన్నారనుకోకండి. కొట్టేవాళ్ల కళ్లు బంతి మీదే ఉంటాయి. ఏ లైటు వెలిగింది, డిస్‌ప్లే మీద ఎన్ని సెకన్లు మిగిలాయి, షాట్ ఎటు తప్పింది అనేవి చూడగలిగేది కొట్టనివాళ్లే. మా చెల్లెలు నా షాట్ తప్పినప్పుడు "ముందు" అనో "ఆలస్యం" అనో ఒక్క మాట అంటుంది, అంతే. అందులో తప్పుపట్టడం ఉండదు, కొలత ఉంటుంది. కుడి ర్యాంప్‌కి గురిపెట్టిన నా బంతి ఇంకా కుడికి పోతే ఆలస్యం, ఎడమగా తగిలితే ముందు. ఒంటరిగా ఆడినప్పుడు నా పొరపాటు నాకు ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనపడలేదు.

వెలుగుతున్న షాట్ ఒకరిదై, బంతి రెండోవారి దగ్గర ఆగి ఉంటే ఏం చెయ్యాలి? ఫ్లిప్పర్ దించి, బంతి కొస వైపు దొర్లుతుండగా చిన్నగా తట్టి, అవతలి స్లింగ్‌షాట్ (ఫ్లిప్పర్ పైన ఉండే, బంతిని చిమ్మే ముక్కోణపు దిమ్మ) కింది చివరన ఉన్న రబ్బరు మీద నుంచి పక్క ఫ్లిప్పర్‌కి చేర్చే విద్య ఉంది. పోస్ట్ పాస్ అంటారు. బాగుంటుంది, కానీ నేర్చుకునే దాకా బోలెడు బంతులు తింటుంది. మొదట్లో దాని జోలికి పోకండి. చాలా మెషిన్లలో ఎడమ ర్యాంప్ ఎక్కిన బంతి ఎడమ ఇన్‌లేన్‌లోకే దిగి వస్తుంది. కుడి ఫ్లిప్పర్‌తో ఎడమ ర్యాంప్ కొడితే బంతి చక్కగా ఎడమవాళ్ల చేతికి వస్తుందన్నమాట. పాయింట్ల కోసం కాకపోయినా, బంతిని అందించడం కోసమే ఆ ర్యాంప్ కొట్టండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, నడిమధ్య పడే బంతి. నిజంగా రెండు కొసల మధ్య సూటిగా, వేగంగా పడే బంతి ఎవరిదీ కాదు. దాని కోసం ఇద్దరూ ఎగబడి, పోయాక ఒకరినొకరు అనుకోవడం అన్యాయం. కాస్త ఇటో అటో ఉన్నదాన్ని మాత్రం దక్కించుకోవచ్చు. దగ్గరగా ఉన్న కొసతో ముందు బంతిని అవతలికి తగిలించాలి, వెంటనే రెండో ఫ్లిప్పర్ దాన్ని పైకి కొట్టాలి. ఒక్కరే ఆడేటప్పుడు రెండు చేతులూ టపటపమని చేసే పని ఇది. ఇద్దరు ఉన్నప్పుడు మాటతో చెప్పుకునే వ్యవధి ఉండదు, కాబట్టి ముందే అనుకోవాలి. బంతి ఎవరి కొసకి దగ్గరగా కనపడితే వాళ్లు ముందు. తేడా తెలియనప్పుడు ఎప్పుడూ ఎడమవాళ్లే ముందు, కుడివాళ్లు రెండో దెబ్బ. ఎడమే ఎందుకని అడక్కండి, కుడి అయినా ఫరవాలేదు. అది ఎప్పటికీ మారకపోవడం ముఖ్యం.

మెషిన్‌ను కదపడం మోసం కదా అని మీ తమ్ముడు అంటున్నాడని రాశారు. కాదని చెప్పండి. పిన్‌బాల్‌కి ఫ్లిప్పర్లు వచ్చిందే 1947లో, గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ మెషిన్‌తో. అంతకు ముందు బంతిని వదిలాక ఆటగాడి చేతిలో ఉన్నది మెషిన్‌ను తట్టడం ఒక్కటే. ఎక్కువ కదపకుండా కాపలా కాసే టిల్ట్ కూడా 1930ల నుంచే ఉంది. అంటే కదపడం ఆటలో భాగం, దానికో హద్దు ఉందంతే.

ఆ హద్దు ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీ రెండో ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. క్యాబినెట్ లోపల ఒక కడ్డీకి లోహపు బరువు వేలాడుతూ ఉంటుంది, దాని చుట్టూ ఒక లోహపు వలయం. కదిపితే బరువు ఊగుతుంది, వలయానికి తగిలితే సర్క్యూట్ కలుస్తుంది. ఇప్పటి మెషిన్లలో మామూలుగా ఒకటి రెండు హెచ్చరికలిచ్చి, ఆ తర్వాత టిల్ట్ అవుతుంది. ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, బంతి పోతుంది, బంతి చివర రావలసిన బోనస్ కూడా పోతుంది. ఒకసారి ఊగిన బరువు వెంటనే ఆగదు, కొన్ని సెకన్ల పాటు ఊగుతూనే ఉంటుంది. జంటలకి ప్రమాదమంతా ఆ సెకన్లలోనే. మీరు తట్టినది చిన్నదే, మీ తమ్ముడు తట్టినదీ చిన్నదే. కానీ మీ తట్టుకి ఊగుతున్న బరువు మీద అతని తట్టు కలిస్తే పెద్దదవుతుంది.

మాకు ఒక జంటల పోటీ ఫైనల్లో ఇదే జరిగింది. మూడోది, ఆఖరి బంతి, బోనస్ లెక్కలోకి వస్తే గెలిచినట్టే. బంతి కుడి అవుట్‌లేన్ (అందులోకి జారితే బంతి పోయినట్టే అనుకునే పక్క సందు) నోటి దగ్గర తచ్చాడుతోంది. కుడి వైపు ఉన్న మా చెల్లెలు సరిగ్గా తట్టింది, బంతి లోపలికి తిరిగింది కూడా. నేను అది చూడకుండా, భయంతో నా వైపు నుంచి ఒక తోపు తోశాను. టిల్ట్. బోనస్ మొత్తం పోయింది. మా చెల్లెలు ఏమీ అనలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. ఆ రాత్రి పెట్టుకున్న నియమం ఇప్పటి దాకా తప్పలేదు: బంతి ఎవరి వైపు పోతోందో వాళ్లు మాత్రమే కదపాలి, మధ్యలో అయితే ఎడమవాళ్లు. హెచ్చరిక వచ్చిందంటే ఇద్దరూ చేతులు బిగించకుండా, బంతి చిక్కగానే పట్టి ఉంచి, బరువు ఊగడం ఆగే దాకా నింపాదిగా నాలుగైదు శ్వాసలు తీసుకోవాలి.

నిలబడే తీరు గురించి ఒక్క మాట. క్యాబినెట్ వెడల్పు సుమారు 22 అంగుళాలు, ఇద్దరు పెద్దవాళ్లు దాని ముందు సూటిగా పట్టరు. కొంచెం పక్కకి తిరిగి నిలబడండి, పొడుగ్గా ఉన్నవాళ్లు అర అడుగు వెనక్కి. లోపలి వైపు చెయ్యిని ముందరి పట్టీ మీద ఆనించకండి. బరువు వేసి నిలబడితే, బంతిని కాపాడాలని పక్కవాళ్లు తట్టినప్పుడు మెషిన్ వాళ్లనుకున్నట్టు కదలదు.

మల్టీబాల్ గురించి మీరు అడగలేదు, కానీ జంటకి నిజమైన లాభం అక్కడే. ఒంటరిగా ఆడేవాళ్లు రెండు మూడు బంతులు ఒకేసారి దిగేసరికి కంగారుపడతారు. మీకు ఆ అవసరం లేదు. ఒకరు ఫ్లిప్పర్ ఎత్తి ఒక బంతిని, వీలైతే రెండింటిని పట్టి ఉంచితే చాలు. ఆ మనిషి పని ఇక బటన్ వదలకుండా ఉండటమే. రెండోవాళ్లు మిగిలిన ఒక్క బంతితో ప్రశాంతంగా ఆడుకుంటారు. కానీ జాక్‌పాట్ (అప్పుడు పెద్ద పాయింట్లిచ్చే షాట్) ఎటువైపు ఉందో చూసుకోవాలి. కుడి ఫ్లిప్పర్ పట్టి ఉంచితే ఆడేది ఎడమ ఫ్లిప్పర్, అంటే కొట్టగలిగేది ముఖ్యంగా కుడి సగాన్నే. జాక్‌పాట్ ఎడమకి మారితే పట్టేవాళ్లూ ఆడేవాళ్లూ మారాలి: ఆడుతున్నవాళ్లు తమ బంతిని పట్టి "ఉంది" అన్నాక, పట్టి ఉన్నవాళ్లు తమ బంతిని విడుదల చేస్తారు. ఈ మార్పిడి తడబాటు లేకుండా జరిగినప్పుడు వచ్చే ఆనందం నాకు ఏ హైస్కోరుతోనూ రాలేదు.

ఏ మెషిన్ మీద మొదలుపెట్టాలి? కింద రెండే ఫ్లిప్పర్లుండి, బోర్డు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నది వెతకండి. 1995లో వచ్చిన అటాక్ ఫ్రమ్ మార్స్, 1997లో వచ్చిన మెడీవల్ మ్యాడ్‌నెస్ అలాంటివి. ఒకదాంట్లో నడుమ ఎగిరే పళ్లెం, రెండో దాంట్లో కోట, రెండు ఫ్లిప్పర్లతోనూ కొట్టొచ్చు గనక ఒకరు ఆడుతుంటే ఇంకొకరు చూస్తూ ఉండిపోయే బెడద ఉండదు. అటాక్ ఫ్రమ్ మార్స్‌లో ఆ పళ్లెం ముందున్న టార్గెట్లకి తగిలిన బంతి సూటిగా మధ్యలోకే తిరిగి వస్తుంటుంది, అక్కడ ఎడమ ముందు, కుడి తర్వాత అన్న నియమం బాగా అక్కరకొస్తుంది. 1992 నాటి ఆడమ్స్ ఫ్యామిలీ నాకు ప్రాణం, కానీ మొదటే దాని దగ్గరికి వెళ్లకండి. దానికి నాలుగు ఫ్లిప్పర్లు, పైనున్నవి కూడా అదే వైపు బటన్‌కి కదులుతాయి. కింద బంతిని పట్టి ఉంచినవాళ్లు పై ఫ్లిప్పర్‌ని వాడలేరు, ఆ సంగతి ఇద్దరికీ గుర్తుండాలి.

ఒకే మెషిన్ మీద భుజాలు తగులుతూ ఆడటం మీ ఇద్దరికీ సరిపడకపోతే ఇంకో దారి కూడా ఉంది. 2017 నాటి టోటల్ న్యూక్లియర్ అనైహిలేషన్, 2020 నాటి టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ వంటి మెషిన్లలో కో-ఆప్ ఆట ఉంటుంది. బంతి వంతులవారీగా ఎవరిది వాళ్లే ఆడతారు, సాధించింది మాత్రం ఇద్దరిదీ. పాత మెషిన్ అయితే ఇద్దరి స్కోర్లూ కలిపి ఒక లక్ష్యం పెట్టుకున్నా సరిపోతుంది. మంచిదే, కానీ "తీసుకో" అన్నాక వచ్చే ఆ నమ్మకం అందులో ఉండదు.

మాటా మాటా పెరగడం గురించి: బంతి పోయాక ముందుగా మాట్లాడవలసింది తన వైపు నుంచి పోగొట్టుకున్నవాళ్లు. "నేను తొందరపడ్డాను" అని వాళ్లంతట వాళ్లు అనే దాకా రెండోవాళ్లు నోరు మెదపకూడదు. వాళ్లు ఏమీ అనకపోతే, ఏమీ లేదు, తర్వాతి బంతి. అతను మీకంటే చిన్నవాడు కాబట్టి మొదట మీ పొరపాటు మీరే చెప్పుకోండి. ఆ తర్వాత అతను కూడా చెప్పడం మొదలుపెడతాడు.

ఇక వైపుల మార్పు. మార్చుకోండి, కానీ ఆట మధ్యలో కాదు, ఒక పూటలోనూ కాదు. ఒక రోజంతా ఒక వైపు, మరుసటి రోజు రెండో వైపు. ఎడమ చేతివాటమా కుడి చేతివాటమా అన్నది పెద్దగా అడ్డు రాదు, ఒక్క బటనే కదా. ప్లంజర్ (బంతిని ఆటలోకి తోసే కడ్డీ) కుడి పక్కన ఉంటుంది కాబట్టి కుడివాళ్లకి బంతిని వదిలే పని అదనం. చాలా మెషిన్లలో పైనున్న లేన్ల లైట్లని ఫ్లిప్పర్ బటన్లతోనే పక్కకి జరుపుతారు, బంతి పైన ఉన్నంతసేపూ ఆ పని ఎడమవాళ్లకి ఇచ్చేయండి. ఇద్దరూ జరిపితే ఒకరు తెచ్చిన లైటుని ఇంకొకరు తీసుకుపోతారు. మొదటి వారం మాత్రం వైపులు మార్చకండి, ఇప్పుడున్నట్టే మీరు ఎడమ, అతను కుడి. ఎనిమిదో రోజు మారి చూడండి. అతను ఏ బంతులు వదలడానికి భయపడ్డాడో మీకు ఆ రోజు తెలుస్తుంది, మీరు వదిలినవి అందుకోవడం ఎంత కష్టమో అతనికి తెలుస్తుంది. రెండో వారం ఎలా నడిచిందో రాయండి, మీ మెషిన్ పేరు కూడా చెప్తే అందులో ఏ షాట్ ఎవరిదో కూర్చుని విడమరిచి చెప్తాను.